ఉత్తరాల వెంట సాగిన వలస: నార్డిక్ ప్రజలు సముద్రం దాటిన కథ

సభకు నమస్కారం.

ఈ ప్రసంగాన్ని ఒక ఓడతో మొదలుపెడతాను. 1825 జులై 4న నార్వే నైరుతి తీరంలోని స్టావంగర్ రేవు నుంచి నలభై టన్నులైనా లేని చిన్న తెరచాప ఓడ ఒకటి, కొంత ఇనుప సరుకుతో, 52 మంది మనుషులతో బయలుదేరింది. దాని పేరు రెస్టౌరాసియోన్. దారిలో మదీరా దీవి దగ్గర నీళ్ళలో తేలుతున్న ద్రాక్షసారా పీపా ఒకటి దొరికిందనీ, దాన్ని పైకెక్కించుకుని అందరూ తాగి, జెండా ఎత్తడం కూడా మరచి రేవులోకి కొట్టుకొస్తుంటే, ఇదేదో మహమ్మారి సోకిన ఓడ అనుకుని కోటలోని వారు ఫిరంగులు గురిపెట్టారనీ ఒక ముచ్చట ప్రచారంలో ఉంది. అక్టోబర్ 9న న్యూయార్క్ చేరేసరికి వారు 53 మంది అయ్యారు, ఎందుకంటే నడిసముద్రంలో ఒక ఆడపిల్ల పుట్టింది. అయితే దిగీ దిగగానే చిక్కు వచ్చి పడింది. అయిదు టన్నులకు ఇద్దరు ప్రయాణికులకు మించి ఎక్కించరాదని 1819 నాటి అమెరికా చట్టం చెబుతోంది. ఆ లెక్కన ఈ ఓడలో పదహారు మందికి కూడా చోటు లేదు. అధికారులు ఓడను పట్టుకున్నారు, జరిమానా వేశారు. చివరికి అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ స్వయంగా క్షమాభిక్ష ఇస్తే తప్ప ఆ వ్యవహారం తెమలలేదు.

నార్డిక్ ప్రజలు, అంటే ఐరోపా ఉత్తర కొసన ఉన్న నార్వే, స్వీడన్ వంటి దేశాలవారు, సముద్రం దాటడం అప్పుడే మొదలు కాదని మీకు తెలుసు. తొమ్మిదో శతాబ్దం చివర ఐస్‌లాండ్‌లో, పదో శతాబ్దం చివర గ్రీన్‌లాండ్‌లో వారు కాపురాలు పెట్టారు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో, లాన్స్ ఓ మెడోస్ అనే చోట వారు నరికిన కొయ్య సరిగ్గా 1021 నాటిదని శాస్త్రజ్ఞులు తేల్చారు. 1638లో స్వీడన్ రాజ్యం డెలవేర్ నది ఒడ్డున ఒక వలస రాజ్యం పెట్టి, పదిహేడేళ్ళకే డచ్చివారికి పోగొట్టుకుంది. ఇవన్నీ రాజులూ సాహసికులూ చేసిన పనులు. మామూలు రైతు, మామూలు పాలేరు, వంటింట్లో పనిచేసే పడుచు తమంతట తాము టికెట్ కొనుక్కుని వెళ్ళిన వలస పందొమ్మిదో శతాబ్దానిది. ఈ రోజు నేను మాట్లాడబోయేది దాని గురించే, అందులోనూ ఎక్కువగా నార్వే గురించి.

మొదట అంకెలు చెప్పుకుందాం. 1825 నుంచి సుమారు వందేళ్ళలో నార్వే నుంచి ఎనిమిది లక్షల మంది ఉత్తర అమెరికాకు వెళ్ళారు. జనాభాతో పోల్చి చూస్తే ఐరోపాలో ఐర్లండ్ తరువాతి స్థానం నార్వేదే. 1882 ఒక్క ఏడాదిలోనే, ఇరవై లక్షలైనా జనం లేని ఆ దేశం నుంచి 28 వేల మందికి పైగా వెళ్ళిపోయారు. స్వీడన్ నుంచి పన్నెండు లక్షల పైచిలుకు, ఫిన్లండ్ నుంచి మూడున్నర లక్షల వరకు, డెన్మార్క్ నుంచి సుమారు మూడు లక్షల మంది వెళ్ళారు. ఐస్‌లాండ్ నుంచి వెళ్ళింది దాదాపు పదిహేను వేల మందే అయినా, ఆ దీవి జనాభా అప్పుడు డెబ్బై వేలన్న సంగతి గుర్తుంటే అది ఎంత పెద్ద గండో అర్థమవుతుంది.

ఎందుకు వెళ్ళారని అడిగితే పేదరికం వల్ల అని ఒక్క మాటలో చెప్పేయడం మనకు అలవాటు. ఆ మాటలో అబద్ధం లేదు గానీ, సగమే నిజం ఉంది. నార్వే నేలలో నూటికి మూడు వంతులే సేద్యానికి పనికొస్తుంది. మిగతాది కొండ, రాయి, అడవి, మంచు. యుద్ధాలు ఆగి, మశూచి టీకా వచ్చి, బంగాళాదుంప పంట పాకేసరికి పిల్లలు బతకడం మొదలైంది. శాంతి, టీకా, బంగాళాదుంప అనే ఈ మూడే జనం పెరగడానికి కారణమని స్వీడిష్ కవి ఎసాయస్ టెగ్నేర్ అన్న మాట అక్కడ ఒక సామెత అయింది. నార్వేలో 1801లో 8,83,000 ఉన్న జనాభా 1865 నాటికి 17 లక్షలకు చేరింది. పొలం మాత్రం పెరగలేదు. వారసత్వంగా పొలం పెద్ద కొడుక్కి దక్కేది. చిన్న కొడుకులు 'హూస్మన్' అయ్యేవారు. అంటే ఆసామి పొలం అంచున ఒక గుడిసె, కాస్త దుంపల చెలక ఇచ్చి, దానికి బదులుగా ఆసామి పొలంలో చాకిరీ చేయించుకునే పద్ధతి. మన పాలేరుతనానికీ కౌలుకూ మధ్యస్థమైనదని దాన్ని అనుకోవచ్చు.

అయినా అందరికంటే పేదవాడు అందరికంటే ముందు వెళ్ళలేదు. అతని దగ్గర ఓడ కిరాయి ఎక్కడిది? తొలినాళ్ళలో వెళ్ళినవారిలో చాలామంది, ఉన్న కాస్త పొలం అమ్ముకుని ఆ డబ్బుతో కుటుంబం మొత్తాన్ని తీసుకుని వెళ్ళిన చిన్న రైతులు. ఇక స్టావంగర్ ఓడలో వెళ్ళిన తొలి జట్టుకు మతం ఒక ముఖ్య కారణం. నెపోలియన్ యుద్ధాలలో బ్రిటిష్ వారి చేతికి చిక్కి, ఖైదీ ఓడల్లో ఏళ్ళ తరబడి మగ్గిన నార్వే నావికులలో కొందరు అక్కడే క్వేకర్ అనే వేరే క్రైస్తవ శాఖలో చేరి ఊరికి తిరిగి వచ్చారు. లూథరన్ చర్చి ప్రభుత్వ మతంగా ఉన్న దేశంలో వారికి పెళ్ళి చేసుకోవడానికీ, చచ్చిపోతే పాతిపెట్టడానికీ కూడా ఇబ్బందే. క్లెంగ్ పేర్సన్ అనే దేశదిమ్మరి 1821లో ముందుగా అమెరికా వెళ్ళి దారీ తెన్నూ చూసి వచ్చింది అటువంటి వారి కోసమే.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. 1825 ఓడ తరువాత పదకొండేళ్ళ పాటు స్టావంగర్ నుంచి మరో వలస ఓడ కదలలేదు. బీదతనం అలాగే ఉంది, కొండలు అలాగే ఉన్నాయి. 1836లో ఒక్కసారిగా రెండు ఓడలు నిండా జనంతో కదిలాయి. ఈ మధ్యలో జరిగిందేమిటంటే, ఉత్తరాలు వచ్చాయి.

గ్యెర్ట్ హోవ్‌లాండ్ అనే రైతు 1835లో అమెరికా నుంచి రాసిన ఉత్తరాన్ని ఊరి నుంచి ఊరికి చేత్తో నకళ్ళు తీసుకుని చదువుకున్నారు. అటువంటి ఉత్తరాలను 'అమెరికా ఉత్తరాలు' అన్నారు, అవి చదివినవారికి పట్టుకున్నదాన్ని 'అమెరికా జ్వరం' అన్నారు. ఆదివారం ప్రార్థన ముగిశాక చర్చి బయట ఒకరు చదువుతుంటే పదిమంది చుట్టూ చేరి వినేవారు. వాటిలో ఉండేవి పెద్ద పెద్ద విషయాలు కావు. ఇక్కడ రోజూ మాంసం తింటున్నాం, గోధుమ రొట్టె తింటున్నాం, దొర ఎదురైతే టోపీ తీయనక్కరలేదు, కూలి ఇంత, ఆవు ధర ఇంత అని రాసేవారు. ఈ వివరాలు ఏ పత్రికలో వచ్చినా రైతు నమ్మేవాడు కాదు. ఫలానా గట్టు అవతలి ఇంటి ఫలానావాడు రాశాడు కాబట్టి నమ్మాడు. మనలో ఇంటికొకరు విదేశంలో ఉన్న ఈ రోజుల్లో ఈ సంగతిని మీకు ఇంతకంటే విప్పి చెప్పనక్కరలేదనుకుంటాను.

పాలకులూ పాస్టర్లూ దీన్ని చూస్తూ ఊరుకోలేదు. 1837లో బెర్గెన్ బిషప్ నోయ్‌మన్, స్వదేశంలోనే ఉండి నిజాయితీగా బతకండన్న బైబిల్ వాక్యాన్ని ఆధారం చేసుకుని రైతులను హెచ్చరిస్తూ ఒక కరపత్రం అచ్చువేశాడు. అప్పటికే ఊళ్ళలో వదంతులు కూడా పుట్టాయి. అమెరికా అని చెప్పి ఎక్కించుకుని టర్కీకి తీసుకుపోయి బానిసలుగా అమ్మేస్తారని చాలామంది నమ్మారు. దీనికి జవాబు ఓలె రిన్నింగ్ అనే యువకుడి నుంచి వచ్చింది. అతను ఒక పాస్టర్ కొడుకు, చదువుకున్నవాడు. ఇల్లినాయ్‌లో బీవర్ క్రీక్ అనే చోట వేసుకున్న కొత్త ఊళ్ళో ఉంటూ, చలికి కాళ్ళు గడ్డకట్టి మంచాన పడిన కాలంలో, రైతులు అడిగే ప్రశ్నలను ఒక్కొక్కటే తీసుకుని సమాధానం చెబుతూ ఒక చిన్న పుస్తకం రాశాడు. భూమి ఎలా కొనాలి, ఏ కాలంలో బయలుదేరాలి, ఏమేం వెంట తెచ్చుకోవాలి, ఏ రోగాలు వస్తాయి, ఎవరు రాకూడదు అన్నవన్నీ అందులో ఉన్నాయి. 1838లో అది నార్వేలో అచ్చయింది. అదే ఏడాది రిన్నింగ్ చనిపోయాడు. వేసవిలో చూసి ఎంచుకున్న ఆ ఊరు, వానలు రాగానే చిత్తడి నేల అయి, మలేరియాతో తుడిచిపెట్టుకుపోయింది. చనిపోయినవాడి పుస్తకం చదివి బయలుదేరినవారు వేలమంది.

ప్రయాణం మొదట్లో తెరచాప ఓడల్లో ఏడెనిమిది వారాలు, గాలి సరిగా లేకపోతే ఇంకా ఎక్కువే పట్టేది. తిండి ఎవరిది వారే మూట కట్టుకోవాలి. 1850, 60 దశకాలలో నార్వే ఓడలు మనుషులను కెనడాలోని క్విబెక్‌లో దింపి, తిరుగు ప్రయాణంలో కలప నింపుకుని ఇంగ్లండుకు వెళ్ళేవి. ఓడ యజమానికి మనుషులు ఒక దారికి సరుకు, కలప మరో దారికి సరుకు. ఆవిరి ఓడలు వచ్చాక లెక్క మారింది. ఉత్తర సముద్రం దాటి ఇంగ్లండులోని హల్ రేవుకు, అక్కడి నుంచి రైలులో లివర్‌పూల్‌కు, లివర్‌పూల్ నుంచి పది పన్నెండు రోజుల్లో న్యూయార్క్‌కు చేరిపోయేవారు. ముందే వెళ్ళిన అన్న అమెరికాలో కొని పంపిన టికెట్ తమ్ముడికి ఉత్తరంలోనే వచ్చేది. చేతిలో చిల్లిగవ్వ లేని హూస్మన్ కొడుకు ఓడ ఎక్కగలిగింది ఇలాగే. అందుకే 1860ల తరువాతి వలసలో రైతు కుటుంబాల వాటా తగ్గుతూ, ఒంటరి పడుచువాళ్ళ వాటా పెరుగుతూ వచ్చింది.

ఉత్తరం వెంట నడిచిన వలస కనుక, అది దేశమంతటా చెల్లాచెదురు కాలేదు. నార్వేలోని సోగ్న్, వోస్, వాల్‌ద్రెస్ ప్రాంతాలవారు అమెరికాలో కూడా పక్కపక్కనే కాపురం పెట్టారు. విస్కాన్సిన్ నుంచి అయోవాకు, అక్కడి నుంచి మిన్నెసోటాకు, డకోటాకు జరిగినప్పుడూ ఊరు ఊరుగా జరిగారు. వారి యాస కూడా వారితోపాటే వెళ్ళింది. 1899లో వాల్‌ద్రెస్ లోయవారు మిన్నియాపొలిస్‌లోని ఒక పార్కులో సమావేశమయ్యారు. అది చూసి ఇతర లోయలవారూ తమ తమ సంఘాలు పెట్టుకున్నారు. ఈ సంఘాలను 'బిగ్దెలాగ్' అంటారు. అమెరికాలో మన జిల్లాలవారి పిక్నిక్‌లు చూసినవారికి ఈ దృశ్యం కొత్తగా ఉండదు.

ఇప్పుడు భూమి సంగతికి వస్తాను. ఈ కథను అభిమానంతో చెప్పేవారు తరచుగా తొందరగా దాటేసేది ఈ భాగాన్నే. 1862 మే 20న అధ్యక్షుడు లింకన్ హోమ్‌స్టెడ్ చట్టంపై సంతకం చేశాడు. నామమాత్రపు రుసుము కట్టి, అయిదేళ్ళు అక్కడే కాపురముండి, ఇల్లు వేసి, సాగు చేస్తే 160 ఎకరాలు సొంతమవుతాయి. పౌరుడు కావాలన్న ఉద్దేశం ప్రకటిస్తే చాలు, నిన్న దిగినవాడికీ హక్కు ఉంది, పెళ్ళికాని ఆడవారికీ హక్కు ఉంది. నార్వేలో అరెకరం దుంపల చెలక కోసం చాకిరీ చేసినవాడికి 160 ఎకరాలంటే ఏమిటో ఊహించండి. ఆ భూమి ఖాళీగా పడి లేదు. 1851 ఒప్పందాలతో అక్కడి ఆదివాసులైన డకోటా ప్రజల నుంచి మిన్నెసోటాలో రెండు కోట్ల ఎకరాలకు మించిన నేల తీసుకున్నారు. దానికి బదులు ఇస్తామన్న సొమ్ము 1862 వేసవిలో సమయానికి రాలేదు. ఆకలితో ఉన్న డకోటాలు ఆగస్టులో తిరగబడ్డారు. కాండియోహి ప్రాంతంలో గూరి ఎండ్రెసెన్ అనే నార్వే స్త్రీ భర్తనూ ఒక కొడుకునూ కళ్ళ ముందే పోగొట్టుకుని, గాయపడిన మనుషులను బండిలో వేసుకుని ప్రాణాలతో బయటపడింది. ఆమెకు అక్కడ స్మారకం ఉంది. అదే డిసెంబర్ 26న మాంకేటో పట్టణంలో 38 మంది డకోటాలను ఒకేసారి ఉరి తీశారు. అమెరికా చరిత్రలో ఒకేసారి అంతమందిని ఉరి తీయడం మరెప్పుడూ జరగలేదు. మరుసటి ఏడాది డకోటాలను ఆ రాష్ట్రం నుంచే వెళ్ళగొట్టారు. ఇంటికి రాసిన ఉత్తరాలలో ఎకరాల లెక్క ఉంది గానీ, ఆ ఎకరాలు ఎవరివన్న ప్రశ్న అరుదు.

ఈ కథ అక్కడితో ఆగలేదు. 1904లో ఉత్తర డకోటాలోని స్పిరిట్ లేక్ రిజర్వేషన్‌ను, అంటే డకోటాలకని కేటాయించి మిగిల్చిన నేలను కూడా, హోమ్‌స్టెడ్ దరఖాస్తులకు తెరిచారు. పాతికేళ్ళు తిరిగేసరికి అక్కడ డకోటాల చేతిలో కంటే స్కాండినేవియా నుంచి వచ్చినవారి చేతిలోనే ఎక్కువ భూమి ఉంది. భూమి లేక ఒక దేశం విడిచి వచ్చినవారు మరొకరి భూమి మీద రైతులయ్యారు. వారి కష్టం నిజమే, దాన్ని తక్కువ చేయనవసరం లేదు. చెట్టు లేని ఆ మైదానాల్లో గడ్డివేళ్ళతో సహా మట్టిపెళ్ళలు కోసి గోడలు పేర్చుకున్నారు. 1873 నుంచి 1877 వరకు మిన్నెసోటాలో మిడతల దండు పంటను వరసగా మేసేసింది. 1888 జనవరి 12న ఉన్నట్టుండి విరుచుకుపడిన మంచు తుపానులో బడి నుంచి ఇళ్ళకు వెళుతున్న పిల్లలు ఎందరో దారిలోనే గడ్డకట్టి చనిపోయారు.

ఐస్‌లాండ్‌వారి సంగతి కొంచెం వేరు. 1875లో ఆస్క్యా అగ్నిపర్వతం బద్దలై తూర్పు ఐస్‌లాండ్ పచ్చికల మీద బూడిద కప్పేసింది. అప్పటికే కదిలిన వలస దానితో జోరందుకుంది. ఆ ఏడాది అక్టోబర్‌లో తొలి జట్టు కెనడాలో విన్నిపెగ్ సరస్సు ఒడ్డున దిగి, గిమ్లి అనే ఊరు వేసింది. గిమ్లి అంటే వారి పురాణాలలో స్వర్గం వంటి చోటు. మరుసటి ఏడాదే ఆ స్వర్గానికి మశూచి వచ్చింది. వందమందికి పైగా ఐస్‌లాండర్లు చనిపోయారు. పక్కనే ఉన్న ఆదివాసుల పల్లెలు దాదాపు అంతరించాయి. అంత కష్టంలోనూ వారు తమకంటూ ఒక రాజ్యాంగం రాసుకున్నారు, 1877లో సొంత భాషలో పత్రిక అచ్చువేశారు. అదే ఏడాది కెనడా గవర్నర్ జనరల్ ఆ ఊరు చూడటానికి వచ్చి, గోడలు ఎంత బోసిగా ఉన్నా ఇరవై ముప్ఫై పుస్తకాలు లేని గుడిసె ఒక్కటీ తనకు కనబడలేదని చెప్పాడు. ఆయన పేరు లార్డ్ డఫరిన్. అవును, 1885లో కాంగ్రెస్ పుట్టినప్పుడు మన దేశానికి వైస్రాయిగా ఉన్న ఆ డఫరినే.

స్వీడన్ గురించి కొద్దిగా చెబుతాను. పందొమ్మిదో శతాబ్దం చివరికి స్టాక్‌హోమ్ తరువాత స్వీడిష్‌వారు ఎక్కువమంది ఉన్న నగరం చికాగో అనేవారు. అమెరికా సంపన్నుల ఇళ్ళలో పనికి స్వీడిష్ యువతులకు మంచి గిరాకీ ఉండేది. స్వీడన్ పల్లెలో పాలేరు పిల్ల చేసిన పనే అమెరికాలో చేస్తున్నా, జీతం చేతికి వచ్చేది, వారానికి ఒక పూట సెలవు దొరికేది. అక్కడి స్వీడిష్‌వారు 1860లో పెట్టుకున్న ఆగస్టానా సినడ్ అనే లూథరన్ చర్చి, తన మిషనరీలను పంపిన చోట్లలో రాజమహేంద్రవరం ఒకటి. ఇల్లినాయ్, మిన్నెసోటా రైతులు చర్చిలో వేసిన చందా గోదావరి ఒడ్డుకు చేరింది. జనం ఖాళీ అవుతున్నారని కంగారుపడిన స్వీడన్ ప్రభుత్వం 1907లో ఒక పెద్ద విచారణ మొదలుపెట్టి, ఎందుకు వెళ్ళారో చెప్పమని వలస పోయినవారినే అడిగింది. వారు మళ్ళీ ఉత్తరాలే రాశారు. నిర్బంధ సైనిక సేవ, ఓటు లేకపోవడం, దొరల అహంకారం, భూమి దొరకకపోవడం అని రాసిన ఆ జవాబులను ప్రభుత్వమే అచ్చువేసింది. పాలకులు తమ మీద ఫిర్యాదులను తామే సంపుటంగా ప్రచురించడం అరుదైన సంగతి, మెచ్చుకోదగినది.

ఫిన్లండ్‌వారు మిషిగన్ రాగి గనుల్లోకి దిగారు. డెన్మార్క్‌వారిలో వేలమంది అమెరికాలో పుట్టిన మోర్మన్ మతం పుచ్చుకుని యూటా ఎడారికి నడిచారు. వారి కథలు విడిగా చెప్పుకోవలసినవి. ఒక్క విషాదం మాత్రం చెబుతాను. 1930ల మొదట్లో ఆర్థిక మాంద్యం దెబ్బకు ఉత్తర అమెరికా ఫిన్నిష్‌వారు సుమారు ఆరువేల మంది, కార్మిక రాజ్యం కట్టుకుందామని ఫిన్లండ్ పక్కనున్న సోవియట్ కరేలియాకు వెళ్ళారు. 1937, 38 సంవత్సరాల స్టాలిన్ ఊచకోతలో వారిలో అనేకులు బలైపోయారు. అక్కడి నుంచి ఉత్తరాలు రావడం ఆగిపోయింది.

వెళ్ళినవారందరూ అక్కడే ఉండిపోలేదు. నార్వేవారిలో ఇంచుమించు నలుగురిలో ఒకరు తిరిగి వచ్చారు. దక్షిణ నార్వేలోని లిస్టా ప్రాంతంవారు బ్రూక్లిన్‌లో వడ్రంగం చేసి సంపాదించి ఊరికి వచ్చి ఇళ్ళు కట్టుకున్నారు. అక్కడ వాన్సె అనే చిన్న ఊరి కూడలికి ఇప్పటికీ బ్రూక్లిన్ స్క్వేర్ అనే పేరుంది. 1924లో అమెరికా దేశాలవారీగా కోటాలు గట్టిగా బిగించింది, తరువాత మాంద్యం వచ్చింది. దానితో ఆ పెద్ద వలస ముగిసింది.

చివరగా భాష. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1918 మేలో, అయోవా గవర్నర్ హార్డింగ్ బహిరంగ స్థలాల్లోనూ, బడిలోనూ, చర్చిలోనూ, చివరికి టెలిఫోన్‌లో కూడా ఇంగ్లీషు తప్ప మరే భాషా మాట్లాడరాదని ప్రకటన చేశాడు. జర్మన్ మీద కోపం నార్వేజియన్ మీద కూడా పడింది. అయినా అదే రాష్ట్రంలోని డెకోరా పట్టణం నుంచి 1874లో మొదలైన నార్వేజియన్ పత్రిక 1972 దాకా వెలువడింది. భాష ఇళ్ళలో బతికింది, కొత్త నేలకు తగ్గట్టు మారింది. కంచెను 'ఫెన్స్' అనీ, వాగును 'క్రిక్' అనీ ఇంగ్లీషు మాటలు తీసుకుని వాటికి నార్వేజియన్ ప్రత్యయాలు తగిలించారు. మనం డ్రైవ్ చేసినట్టే, పార్క్ చేసినట్టే. అయోవాలో పుట్టిన నార్వే సంతతి భాషాశాస్త్రవేత్త ఎయినార్ హౌగెన్ 1930ల నుంచి ఈ పల్లెల్లో తిరిగి ఆ మాటలను రికార్డు చేశాడు. మళ్ళీ 2010 నుంచి ఓస్లో విశ్వవిద్యాలయం వారు వెళ్ళి, మిగిలిన ముసలివారి మాటలను పట్టి ఉంచారు. వారిలో ఎందరో తాతల లోయ యాసలో తడుముకోకుండా మాట్లాడగలిగేవారు. బడి మాత్రం ఇంగ్లీషులో జరిగింది కనుక నార్వేజియన్ చదవడం, రాయడం వచ్చేది కాదు. ఆ పాత ఉత్తరాల్లోని గోతిక్ రాత నేడు నార్వేలో పుట్టినవారికీ నేర్చుకుంటే తప్ప అంతుపట్టదు. తొలి ఓడకు నూరేళ్ళు నిండిన 1925 తరువాత నార్వేలో ఊరూరా అడిగి సేకరించిన అమెరికా ఉత్తరాలను జాతీయ అభిలేఖాగారం మామూలు అక్షరాల్లో సంపుటాలుగా అచ్చువేసి, ఆ తరువాత ఇంటర్నెట్‌లో కూడా పెట్టింది. గోధుమ రొట్టె, కూలి, ఆవు ధర అన్నీ అందులో ఉన్నాయి.